మబ్బులలో బొంగరము

వీధిలో బొంగరము త్రిప్పు పిల్లవానికి భౌతికశాస్త్రము తెలియదు. అయినను రెండు సత్యములు వానికి బాగుగా తెలియును. వడిగా తిరుగుచున్న బొంగరము ఇనుప ములుకు మీద నిటారుగా నిలుచును. అరచేతి మీదికి తీసికొని చేయి కొంచెము వంచినను అది ఒరగదు. ఇది మొదటి సత్యము. వడి తగ్గిన బొంగరము వెంటనే పడిపోదు. తల త్రిప్పుచు, తూలుచు, వెడల్పైన సున్నలు చుట్టుచు, కొంతసేపు ఇంకను తిరుగుచున్నట్లే కనబడి, తుదకు నేల కొరగును. ఇది రెండవ సత్యము. మొదటి సత్యమును ఆధారముగా గొని మానవుడు మేఘములలోను, చీకటిలోను విమానము నడుపుట నేర్చెను. రెండవ సత్యమును మరచినచోట ప్రాణములు పోగొట్టుకొనెను.

నలుగురు కూర్చుండదగిన చిన్న విమానములలో అనేకమునందు ఇప్పటికిని ఇట్టి బొంగరములు గాలి బలముతో తిరుగుచున్నవి. 1955లో మొదటిసారి ఎగిరి, నేటివరకు 44,000కు పైగా తయారైన సెస్నా 172 జాతి విమానములనే తీసికొందము. వానిలో నలువది, ఏబది సంవత్సరముల వయస్సు గలవి యింకను ఎగురుచున్నవి. రెక్క మీది రంగు వెలసిన కంటికి కనబడును. ఇంజను దగ్గిన చెవికి వినబడును. అద్దపు మూత వెనుక తిరుగు బొంగరమునకు ముసలితనము వచ్చిన సంగతి మాత్రము సులభముగా తెలియదు. అది తెలిసికొనుట ఎట్లు? తెలిసిన పిమ్మట దానిని బాగు చేయించుటా, తీసివేసి క్రొత్తది పెట్టుటా? చూచుటకు ఇది మరమ్మతుశాలకు సంబంధించిన చిన్న ప్రశ్న. కాని దీని లోపల పెద్ద ప్రశ్న యొకటి యున్నది: కన్ను పనిచేయనిచోట మనుష్యుడు ఎవరి మాట నమ్మవలెను?

చెవి చెప్పు అసత్యము

ఆకాశము నిర్మలముగా నున్నప్పుడు చోదకునికి ఈ బొంగరములతో అంతగా పనిలేదు. ఎదుట నింగియు నేలయు కలిసికొను గీత కనబడుచుండును. ఆ గీతను బట్టి విమానపు ముక్కు ఎత్తుగా నున్నదో, రెక్కలు సమముగా నున్నవో చూచుకొని నడపును. మేఘములో చొచ్చిన క్షణమున ఆ గీత మాయమగును. అప్పుడు మిగులునది తన శరీరము చెప్పు మాట. ఆ మాట నమ్మదగినది కాదు.

మానవుని లోపలి చెవిలో వంపు తిరిగిన నాళములు మూడు, ఒకదానికొకటి ఇంచుమించు లంబముగా అమరి యున్నవి. వానిలో ద్రవము నిండి యుండును. తల తిరిగినప్పుడు నాళము తిరుగును గాని, లోపలి ద్రవము వెనుకబడును. ఆ వెనుకబాటును సూక్ష్మమైన రోమములు పసిగట్టి, 'తిరుగుచున్నాము' అని మెదడునకు తెలియజేయును. ఆ తిరుగుడు ఒకే వేగముతో పది, ఇరువది సెకనులు సాగినచో ద్రవమును నాళముతో సమానముగా తిరుగ నారంభించును. రోమములు మరల నిటారగును. 'తిరుగుట ఆగినది' అని మెదడునకు వార్త పోవును. విమానము మాత్రము ఇంకను మలుపులోనే యుండును. ఆ పిదప చోదకుడు రెక్కలను సమముగా తెచ్చినను ద్రవము తన వడిలో ముందుకు సాగి, 'ఎదురు దిక్కునకు తిరుగుచున్నాము' అని చెప్పును. చెవిని నమ్మినవాడు విమానమును మరల మొదటి మలుపులోనికే వంచును. వంగిన విమానము ఎత్తు కోల్పోవును. ఎత్తు నిలుపుటకై చేతిలోని చక్రమును వెనుకకు లాగిన మలుపు మరింత బిగియును. సుడిగుండములో పడిన పుల్లవలె విమానము చుట్టలు చుట్టుచు క్రిందికి దిగును.

అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు 1954లో దీనిని పరీక్షించి చూచిరి. యంత్రములను చూచి నడపుటలో శిక్షణ లేని ఇరువదిమందికి వెలుపలి దృశ్యము కనబడకుండ చేసి, పక్కన శిక్షకుని కూర్చుండబెట్టి విమాన మిచ్చిరి. ఇరువదిమందియు అదుపు కోల్పోయిరి. వారిలో పందొమ్మిదిమంది చుట్టలు చుట్టు పతనములో పడిరి. మిక్కిలి త్వరగా అదుపు తప్పినవానికి పట్టిన కాలము 20 సెకనులు. మిక్కిలి ఆలస్యముగా తప్పినవానికి 480 సెకనులు. సగటున 178 సెకనులు, అనగా మూడు నిమిషములకు రెండు సెకనులు తక్కువ. ఆ తరువాత తగిన శిక్షణ పొందినవారు అదే స్థితినుండి క్షేమముగా వెనుకకు మరలగలుగుటయు ఆ పరిశోధనలోనే తేలినది. లోపము మనుష్యుని ధైర్యములో లేదు. అతడు నమ్మిన సాక్షిలో నున్నది.

బొంగరము విమాన మెక్కుట

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లియోన్ ఫూకో 1851లో పొడవైన లోలకమును వ్రేలాడగట్టి భూమి తిరుగుచున్నదని లోకమునకు చూపెను. మరుసటి సంవత్సరము అదే సత్యమును మరియొక విధముగా చూపదలచి, ఎటు త్రిప్పినను తిరుగగల వలయములలో ఒక బరువైన చక్రమును బిగించి వడిగా త్రిప్పెను. ఆ చక్రపు ఇరుసు అంతరిక్షములో ఒకే దిక్కును చూచుచు నిలిచినది. క్రింది భూమి తిరిగినది. 'తిరుగుటను చూచునది' అను అర్థమున గ్రీకు మాటలు కూర్చి ఆ యంత్రమునకు గైరోస్కోపు అను పేరు పెట్టినవాడును అతడే.

ఈ చక్రమునకు మరియొక విచిత్ర గుణము కలదు. తిరుగుచున్న చక్రమును ఒకచోట త్రోసిన, ఆ త్రోపు అక్కడ ఫలింపక, తిరుగు దిక్కున పావు చుట్టు ముందున్నచోట ఫలించును. వడి తగ్గిన బొంగరము తిన్నగా పడక తల త్రిప్పుచు సున్నలు చుట్టుటకు కారణ మిదియే. ఈ రెండు గుణములతోడనే అమెరికాలో ఎల్మర్ స్పెర్రీ మొదట ఓడలకును, పిదప విమానములకును పనికివచ్చు పరికరములు నిర్మించెను.

1929 సెప్టెంబరు 24వ తేదీన న్యూయార్కు సమీపమున మిచెల్ ఫీల్డులో జిమ్మీ డూలిటిల్ అను సైనిక చోదకుడు వెలుపలి ప్రపంచము కనబడకుండ తాను కూర్చున్న చోటును గుడ్డతో కప్పివేసికొని విమానము నెక్కెను. ముందు కూర్చున్న బెన్ కెల్సీ ప్రమాదము వచ్చిన ఆదుకొనుటకు సిద్ధముగా నుండెను గాని, చేతులు పెట్టవలసిన అవసరము కలుగలేదు. డూలిటిల్ లేచి, చుట్టి వచ్చి, దిగెను. అంతకు పట్టిన కాలము 15 నిమిషములు. అతనికి తోడుగా నున్నవి రేడియో సంకేతములు, సున్నితమైన ఎత్తు కొలత యంత్రము, స్పెర్రీ నిర్మించిన బొంగరములు రెండు. ఒకటి కృత్రిమ దిగంతము. రెండవది దిశా గైరో. మేఘములలో మాయమైన నింగినేలల గీతను ఆనాడు మనుష్యుడు అరచేయి యంత అద్దములోనికి తెచ్చుకొనెను.

గాలి త్రిప్పు చక్రము

తాడు లేని ఈ బొంగరమును త్రిప్పునది గాలి. ఇంజనుకు తగిలించిన చిన్న పంపు పరికరపు పెట్టెలోని గాలిని పీల్చివేయును. ఆ వెలితిని నింపుటకు చోదకుని గదిలోని గాలి ఫిల్టరు గుండా వడగట్టబడి, సన్నని రంధ్రము గుండా దూసికొని వచ్చి, చక్రపు అంచున చెక్కిన గుంటలను కొట్టును. చక్రము నిమిషమునకు పదివేల చుట్లకు మించి తిరుగును. ఇందుకు కావలసిన పీల్పు చాల స్వల్పము. సముద్రమట్టమున గాలి పీడనము దాదాపు 30 అంగుళముల పాదరసమును నిలుపును గదా. ఈ పరికరములకు సాధారణముగా 4.5 మొదలు 5.5 అంగుళముల పీల్పు చాలును. అనగా వాతావరణ పీడనములో ఇంచుమించు ఆరవ వంతు.

కృత్రిమ దిగంతములో చక్రపు ఇరుసు నిలువుగా నుండును. చక్రమును త్రిప్పిన గాలి దాని గూటి అడుగున నాలుగు దిక్కుల నున్న నాలుగు రంధ్రముల గుండా బయటికి పోవును. ఒక్కొక్క రంధ్రము ముందు చిన్న రేకు వ్రేలాడుచుండును. ఇరుసు ఒక ప్రక్కకు ఒరిగిన ఒక రేకు తన రంధ్రమును తెరచును, ఎదుటి రేకు తన దానిని మూయును. అటునుండి మాత్రమే పోవు గాలి యొత్తిడి ఇరుసును మెల్లగా మరల నిలువునకు తెచ్చును. ఒరిగినప్పుడెల్ల తన్ను తాను దిద్దుకొను బొంగర మిది.

దిశా గైరోలో ఇరుసు అడ్డముగా నుండును. దానికి ఉత్తర మేదో, దక్షిణ మేదో స్వయముగా తెలియదు. అయస్కాంతపు దిక్సూచిని చూచి చోదకుడు పెట్టిన అంకెనే అది పట్టుకొని యుండును. అయితే ఫూకో చూపినట్లు క్రింది భూమి తిరుగుచుండుటచే, లోపమేమియు లేని గైరోలో గూడ ఆ యంకె క్రమముగా తప్పును. ఈ తప్పు ధ్రువముల వద్ద గంటకు 15 డిగ్రీలు. భూమధ్యరేఖ మీద సున్న. న్యూయార్కు ఉన్న అక్షాంశమున గంటకు దాదాపు పది డిగ్రీలు కాగా, హైదరాబాదున నాలుగున్నర డిగ్రీలు మాత్రమే. 15ను అక్షాంశపు సైనుతో గుణించిన ఈ లెక్క వచ్చును. ఉన్నత పాఠశాల విద్యార్థియు దీనిని కట్టి చూచుకొనవచ్చును. అందుచేత ప్రతి 15 నిమిషముల కొకసారి దిశా గైరోను దిక్సూచితో సరిచూచి దిద్దుకొనుట చోదకుల ఆచారము.

చోదకుని ముందు ఇవి రెండే గాక మరి నాలుగు ముఖ్య పరికరము లుండును. వేగము చెప్పునది, ఎత్తు చెప్పునది, ఎక్కుడు దిగుడులు చెప్పునది, ఈ మూడును వెలుపలి గాలి పీడనము మీద పనిచేయును. నాలుగవది మలుపు సూచి. అదియు గైరోయే కాని, సాధారణముగా విద్యుత్తుతో తిరుగును. ఈ యేర్పాటు యాదృచ్ఛికము కాదు. పంపు ఆగినను మలుపు సూచి బ్రతికి యుండును; విద్యుత్తు పోయినను కృత్రిమ దిగంతము బ్రతికి యుండును. అన్ని సాక్షులును ఒకే యింటి అన్నము తినరాదని పూర్వపు నిర్మాతలు ఆలోచించిరి.

ముసలితనపు గుర్తులు

ఇట్టి పరికరమునకు ప్రాణము దాని బేరింగులు. వానిలోని ఉక్కు గుండ్లు మిక్కిలి చిన్నవి. అవి నడచు దారులు అద్దమువలె నునుపైనవి. ఫిల్టరును దాటి వచ్చిన సన్నని దుమ్ము, గదిలో కాల్చిన పొగాకు నుండి వచ్చు జిగురు, నేలమీద దిగునప్పుడు తగులు అదురు, ఇవి యన్నియు ఆ నునుపును చెరచును. విమానము ఎగురక నెలల తరబడి షెడ్డులో పడియున్నను మేలు కాదు. తేమ బేరింగులను తినివేయును. వాడుక వలన అరుగుదల యెంతయో, వాడకపోవుట వలన తుప్పు అంత.

బేరింగు చెడిన గైరో తన వ్యాధిని కొన్ని గుర్తులచే తెలుపును. ఇంజను నడుప నారంభించిన పిమ్మట అయిదు నిమిషములలోపల కృత్రిమ దిగంతము స్థిరపడవలెను. అంతకు మించి ఊగుచుండిన అనుమానింపవలెను. నేలమీద మలుపులు తిరుగునప్పుడు అది అయిదు డిగ్రీలకు మించి ఒరగరాదు. దిశా గైరో 15 నిమిషములలో మూడు డిగ్రీలకు మించి తప్పిన, ఆ తప్పు భూమిది కాదు, బేరింగులది. అన్నిటికంటె సులభమైన పరీక్ష చెవితో చేయవచ్చును. ఎగిరి దిగి, ఇంజను ఆపిన తరువాత తొందరపడి తలుపు తీసికొని పోక కొంతసేపు నిశ్శబ్దముగా కూర్చుండవలెను. ఆరోగ్యముగా నున్న చక్రము సన్నని యీల వంటి ధ్వనితో చాలసేపు తిరిగి మెల్లగా ఆగును. గరగరమను చప్పుడుతో త్వరగా ఆగిన చక్రమునకు కాలము దాపురించినదని గ్రహింపవలెను. గాలిలో అసత్యము చెప్పిన చెవియే నేలమీద ఇట్లు వైద్యునివలె నిజము చెప్పును.

చౌకనుండి ఖరీదునకు

గైరో తప్పు చూపగానే గైరోనే విప్పి పంపుట అనుభవము లేనివారు చేయు పని. తెలిసిన మెకానిక్కు చౌకయైన కారణము నుండి ఖరీదైన కారణమునకు క్రమముగా పోవును.

మొదట చూడవలసినది పీల్పు గేజి. ముల్లు తక్కువ చూపిన పంపు అరిగి యుండవచ్చును, రబ్బరు గొట్టములు ఎండి పగిలి గాలి చొరనిచ్చుచుండవచ్చును, బిగింపులు వదులై యుండవచ్చును. ముల్లు ఎక్కువ చూపుటయు మంచిది కాదు. పీల్పును హద్దులో నుంచుటకు రెగ్యులేటరు కొంత గాలిని లోనికి వదలును. దాని కొక చిన్న ఫిల్టరు కలదు. అది దుమ్ముతో మూసికొనిన గాలి లోనికి రాక పీల్పు పెరుగును. అప్పుడు చేయవలసినది ఆ కొద్దిపాటి ఖరీదు ఫిల్టరును మార్చుట. అట్లు చేయక మరను త్రిప్పి ముల్లును సరియైన అంకెకు తెచ్చి చేతులు దులుపుకొనువారు కలరు. అది జ్వరము తగ్గించుటకు మారుగా ఉష్ణమాపకమును దిద్దుట వంటిది.

ముల్లు సరిగా నున్నంత మాత్రమున అంతయు సరిగా నున్నదనియు అనరాదు. కొన్ని అమరికలలో గేజి పెట్టెలోని పీడనమును గదిలోని గాలితో పోల్చును. పెద్ద ఫిల్టరు మూసికొని చక్రమునకు గాలి చాలకపోయినను అట్టి గేజి సరియైన అంకెనే చూపవచ్చును. గనుక గేజి ఏమి చెప్పినను గడువు ప్రకారము ఫిల్టరు మార్చవలెను.

ఇవి యన్నియు సరిగా నున్న పిమ్మట గైరోను అనుమానింపవలెను. అప్పుడును జాగ్రత్త కావలెను. చక్రము పూర్తిగా ఆగకముందే పరికరమును విప్పి కదలించుట ఎంతమాత్రము తగదు. బల్లమీద కొలది అంగుళముల ఎత్తునుండి జారవిడిచినను బేరింగులకు గాయ మగును. మరమ్మతు నుండి క్రొత్తదిగా వచ్చిన గైరో దారిలోనే పాడగుట దీనివలననే. కోడిగ్రుడ్డు పట్టుకొనినట్లు పట్టుకొనవలె నని పెద్ద మెకానిక్కులు పనివారికి చెప్పుచుందురు.

మెల్లగా వచ్చు మృత్యువు

పంపు కథ వేరు. పూర్వపు పంపులు ఇంజను నూనెతో తడియుచు తిరుగునవి. బరువు గలవి, మురికివి, కాని దీర్ఘాయువులు. 1960 దశకము నుండి పొడి పంపులు వాడుకలోనికి వచ్చినవి. వానిలో బొగ్గుజాతి గ్రాఫైటుతో చేసిన రేకులు తమ్ము తామే అరగదీసికొని, ఆ పొడినే నూనెగా వాడుకొనును. ఇవి తేలిక, శుభ్రము. కాని రేకులు అరిగి పొట్టివైన దశలో ఒకనాడు ఒకటి విరిగి అడ్డుపడును. ఇంజనుకును పంపునకును నడుమ, ఇంజను గేర్లకు దెబ్బ తగులకుండుటకై కావలెననియే బలహీనముగా చేసిన కలుపు తెగిపోవును. క్షణములో పంపు ఆగును. ముందుగా హెచ్చరిక యుండదు. ఇంజను కడుగునప్పుడు మందునీరు లోపల పడినను, ఇంజను సీలు కారి నూనె చొరబడినను, మరలకు చుట్టిన పట్టీ తునకలు గొట్టములో పోయినను ఈ మరణము ముందే సంభవించును. పగిలిన పంపు తునకలను గొట్టములనుండి తొలగింపక క్రొత్త పంపును బిగించిన అదియు పాతదాని దారినే పోవును.

పంపు ఆగిన మరుక్షణమున చక్రము ఆగదు. బొంగరపు రెండవ సత్యము ఇచ్చట పనిచేయును. కొన్ని నిమిషములపాటు అది తన వడితోనే తిరుగుచు నిజమే చెప్పుచుండును. పిదప వడి తగ్గి, ఒక్కొక్క డిగ్రీగా మెల్లగా ఒరగ నారంభించును. మేఘములో నున్న చోదకుడు విమానమే ఒరిగినదనుకొని, బొంగరము ఒరిగిన మేరకు తాను విమానమును దిద్దును. ఆ దిద్దుబాటే తప్పు. పాత పరికరములలో అనేకమునకు తాము చెడిపోయినట్లు తెలుపు గుర్తు లేదు. ఒక్కమారుగా పగిలిన అద్దము ఎవనిని మోసగింపదు. నిదానముగా వంకరయగు అద్దమే మోసగించును.

దీనికి చికిత్స సాక్షులను కలిపి విచారించుట. కృత్రిమ దిగంతము 'సమముగా నున్నాము' అనుచుండగా మలుపు సూచి మలుపు చూపుచు, దిక్సూచి తిరుగుచుండిన, అబద్ధమాడుచున్నది కృత్రిమ దిగంతము. అది 'ముక్కు పైకి లేచినది' అనుచుండగా వేగము పెరుగుచు ఎత్తు తగ్గుచుండిన, అప్పుడును అబద్ధము దానిదే. ఒక సాక్షి మాట మీద తీర్పు చెప్పరాదు. వేరువేరు ఆధారములు గల ఇద్దరు ముగ్గురు సాక్షులు కలిసినచోట సత్యము నిలుచును. చెడినదని తేలిన పరికరమును వెంటనే కాగితముతో నైనను కప్పివేయవలె నని శిక్షకులు బోధింతురు. ఏలయన, అబద్ధమని తెలిసియు కన్ను అలవాటు చొప్పున దానివైపే పోవును.

తెలిసికొనుట వేరు, తెలిసిన దానిని ఆచరించుట వేరు. 2000 అక్టోబరు 16వ తేదీ రాత్రి అమెరికాలోని మిసోరీ రాష్ట్ర గవర్నరు మెల్ కార్నహాన్ సెనేటు ఎన్నికల ప్రచారములో నుండి, సెస్నా 335 విమానములో బయలుదేరెను. నడుపుచున్నవాడు ఆయన కుమారుడే. వాతావరణము ప్రతికూలముగా నుండెను. తన యెదుటి ప్రధాన కృత్రిమ దిగంతము చెడినదని కుమారుడు గుర్తించి, కుడివైపున నున్న రెండవదానిని చూచి నడుపుటకు యత్నించుచున్నట్లు నేలమీది వారికి రేడియోలో తెలియజేసెను. తరువాత విమానము కూలినది. తండ్రి, కొడుకు, వారి సహాయకుడు ముగ్గురును మరణించిరి. చోదకుడు దిక్కు తోచని భ్రమకు లోనై అదుపు కోల్పోవుట ప్రమాదమునకు కారణ మనియు, ప్రధాన కృత్రిమ దిగంతము చెడుట, వాతావరణము అందుకు తోడ్పడిన వనియు జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చెను. మూడు వారములు గడచిన పిమ్మట జరిగిన ఎన్నికలో మిసోరీ ప్రజలు చనిపోయిన గవర్నరునే గెలిపించిరి. ఆయన భార్య జీన్ కార్నహాన్ ఆ స్థానమున సెనేటులో ప్రవేశించెను. ఇక్కడ లోపము దాగి యుండలేదు. చోదకుడు దానిని కనిపెట్టెను, చెప్పెను. అయినను చీకటిలో, మేఘములలో, మిగిలిన సాక్షులతో పని సాగించుట ఎంత కఠినమో ఈ దుర్ఘటన చెప్పుచున్నది.

క్రొత్తది పెట్టుట

బాగు చేయించుటా, మార్చుటా అను ప్రశ్నకు ఇటీవలి కాలమున క్రొత్త సమాధానము వచ్చినది. గోరంత సిలికాను పలుకులో సూక్ష్మమైన ముక్క యొకటి కంపించుచుండును. పలుకు తిరిగిన ఆ కంపనము ప్రక్కకు జరుగును. ఆ జరుగుడును విద్యుత్తుతో కొలిచి లెక్క కట్టుదురు. చేతి ఫోనులలో నున్నవియు ఈ జాతివే. వీనికి బేరింగులు లేవు, పంపు అక్కరలేదు, దుమ్ము అంటదు. 2015లో అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ చిన్న విమానములలో గాలి పీల్పుతో తిరుగు కృత్రిమ దిగంతమును తీసి విద్యుత్ పరికరము నమర్చుటను సులభతరము చేయుచు ఒక విధాన ప్రకటన చేసినది. మరుసటి సంవత్సరము నుండియే తక్కువ ఖరీదు గల చిన్న తెరలు పాత విమానములలో చోటు చేసికొన నారంభించినవి. అరిగిన గైరోను పదేపదే బాగు చేయించుటకంటె ఇదియే మేలని అనేకులు భావించుచున్నారు.

క్రొత్త పరికరమున ఒక గొప్ప సుగుణము కలదు. తన లెక్క తప్పినదని తనకు తోచినప్పుడు అది బొమ్మను తీసివేసి, తెర మీద ఎర్రని కొట్టివేత గుర్తు వేయును. 'నాకు తెలియదు' అని యొప్పుకొనును. పాత బొంగరమునకు లేనిది ఈ మాటయే.

కాని క్రొత్తది పెట్టువారు రెండు సంగతులు మరువరాదు. పంపును తీసివేసి అన్నిటిని విద్యుత్తుకే తగిలించిన సాక్షులందరు ఒకే యింటివారగుదురు. అందుచేత క్రొత్త పరికరమునకు స్వంత బ్యాటరీ యుండవలెను. దానిని గడువు తప్పక పరీక్షింపవలెను. రెండవది చోదకుని అలవాటు. 1959 ఫిబ్రవరి 3వ తేదీన తెల్లవారకముందు అయోవా రాష్ట్రమున ఒక చిన్న విమానము కూలి, బడీ హోలీ మొదలైన ముగ్గురు ప్రసిద్ధ గాయకులును, ఇరువదియొక్క సంవత్సరముల చోదకుడును మరణించిరి. ఆ విమానములోని కృత్రిమ దిగంతము చెడినది కాదు. అది ముక్కు లేచుటను, దిగుటను, చోదకునికి అలవాటైన పరికరము చూపు తీరుకు విపరీతముగా చూపునట్టిది. మంచు కురియు చీకటిలో అతడు దానిని తలక్రిందులుగా చదివి యుండవచ్చునని నాటి అమెరికా పౌర విమానయాన మండలి అభిప్రాయపడెను. నిజము చెప్పు సాక్షి భాష మనకు రాకున్నను ఫలము అసత్యము విన్న దానితో సమానమే. గనుక తెర మార్చిననాడు చోదకుడు మరల విద్యార్థి కావలెను. నిర్మలమైన పగటివేళ, శిక్షకుని పక్కన కూర్చుండబెట్టుకొని, దాని భాష నేర్చిన పిమ్మటనే మేఘములవైపు పోవలెను.

పాతదానిని ఉంచుకొనువారికిని, క్రొత్తది పెట్టువారికిని ధర్మ మొక్కటియే. చెవిని నమ్మక యంత్రమును నమ్ముట మొదటి పాఠము. దానిని డూలిటిల్ 1929లో లోకమునకు నేర్పెను. యంత్రమును గూడ పరీక్షించి నమ్ముట రెండవ పాఠము. దానిని ప్రతి చోదకుడును, ప్రతి మెకానిక్కును తనంతట తాను నేర్చుకొనవలెను. ఇంజను ఆపిన పిదప షెడ్డులో ఒక నిమిషము మౌనముగా కూర్చుండి చక్రపు ధ్వని వినువాడు ఆ పాఠము నేర్చినవాడు. వీధిలో పిల్లవాడును ఇదే చేయుచున్నాడు. బొంగరము తల త్రిప్పుట చూడగానే, అది పడకముందే, తాడు చేతిలోనికి తీసికొనును.